శాలను వీడి ఇల్లు చేరిన యంత్రము

చెవికి వినబడిన శబ్దమునే పేరుగ చేసికొనుట తెలుగువారికి క్రొత్త కాదు. మంట చిటపటలాడును, ఏరు గలగల పారును, గజ్జె ఘల్లుమనును. జపాను వారికిని ఈ అలవాటు మనకంటె తక్కువగ లేదు. చిన్న ఉక్కుగుండు ఇత్తడి మేకునకు తగిలినపుడు పుట్టు ‘పచి పచి’ అను చప్పుడును బట్టి వారు తమ దేశపు యంత్రమొకదానికి ‘పచింకో’ అని పేరు పెట్టిరి. ధ్వనితోనే నిత్యము పనిచేయు ఉద్యోగమునం దున్న నాకు ఈ పేరు మొదట చెవి కింపయినది. తరువాత దాని కథ మనస్సున నాటుకొన్నది. ఆ కథనే నేడు శ్రోతలకు మనవి చేయదలచితిని.

యంత్రము చూపునకు సామాన్యమైనదే. గోడకు తగిలించిన లోతులేని అద్దాల బీరువా యొకటి ఊహింపుడు. లోపల నిలువుగ నిలిపిన పలక. పలకపై వందలకొలది సన్నని ఇత్తడి మేకులు. వాని నడుమ అక్కడక్కడ చిన్న రంధ్రములు, ప్లాస్టిక్కు పూవులు, గిఱ్ఱున తిరుగు గాలిమరలు. ముందువైపున, క్రింద కుడిమూలన, ఒక మీట కలదు. దానిని బొటనవ్రేలితో నొక్కి విడిచినచో స్ప్రింగు బలమున గుండు ఎడమ అంచు వెంట పైకెగసి, మేకులను తట్టుకొనుచు క్రిందికి రాలును. దారిలో గెలుపు రంధ్రమున పడినచో గంట మ్రోగి, 10 గాని 15 గాని గుండ్లు ఆటగాని ముందున్న పళ్ళెములోనికి దిగును. ఎచటను పడనిచో అడుగున నున్న బిలములో మాయమగును. గుండు అడ్డుకొలత 11 మిల్లీమీటర్లు. బరువు సుమారు 5.5 గ్రాములు. మన ఊళ్ళలో సైకిలు మరమ్మతు దుకాణము ముందు నిలిచి పిల్లలు బ్రతిమాలి తెచ్చుకొను ఉక్కుగుండ్లకు ఇది పెద్దన్న యనవచ్చును.

ఇట్టి పాత యంత్రములను జపానులోనే గాక అమెరికాలోను పలువురు సంపాదించి, బాగుచేసి, ఇంట పెట్టుకొని ఆడుకొనుచున్నారు. అయితే బాగుచేయ పూనుకొన్న ప్రతివానికిని ఒక చిక్కు ఎదురగును. ఈ యంత్రము ఇంటికొరకు పుట్టినది కాదు. పెద్ద శాలకొరకు పుట్టి, తరువాత ఎవరిచేతనో ఇంటికొరకు మార్చబడినది. అట్టిదానిని బాగుచేయుట యనగా ఏ స్థితికి మరలించుట? శాలలోని స్థితికా, ఇంటిలోని స్థితికా? ఈ ప్రశ్నకు జవాబును తీగెలలోను మేకులలోను వెదకుటకు ముందు చరిత్రలో వెదకవలెను.

ఈ ఆటకు మూలము జపాను కాదు. 18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశములో ‘బగటెల్’ అను బల్లయాట ప్రబలెను. ఒకవైపు కొంచెము ఎత్తుగనున్న బల్లమీద చిన్న బంతిని కఱ్ఱతో పొడిచి, పాతిన పుల్లల నడుమనుండి గుంటలలో పడవేయుట ఆ యాట. అది అమెరికా చేరినది. అచ్చట సిన్సినాటీ నగరమున నివసించిన మాంటేగ్యూ రెడ్‌గ్రేవ్ అను నాతడు 1871లో కఱ్ఱకు బదులుగ స్ప్రింగు గల తోపుడుకడ్డీని అమర్చి పేటెంటు పొందెను. ఈ ఒక్క మార్పుతో ఆటగాని చేయి బల్లమీదనుండి తొలగి, బల్ల అంచునకు చేరినది. తరువాతి కాలమున పాశ్చాత్య దేశములలో వెలసిన పిన్‌బాల్ యంత్రమునకును, జపానులోని పచింకోకును ఈ మార్పే పునాది.

1920ల దశకమున ఆ యాట ‘కొరింతు గేము’ అను పేరుతో జపానులో అడుగుపెట్టెను. అప్పటికది జూదము కాదు, పిల్లల యాట. బంతి మంచి గుంటలో పడిన పిల్లవానికి మిఠాయియో పండో దొరకెడిది. జపాను దుకాణములు ఇరుకైనవి. పండుకొనియున్న బల్ల ఆక్రమించు చోటు వారికి భారమయ్యెను. అందుచేత బల్లను లేపి గోడవలె నిలువుగ నిలబెట్టి, ముందు అద్దము బిగించిరి.  1930 ప్రాంతమున నగోయా నగరమున పెద్దలును ఈ యాటకు డబ్బు పెట్టసాగిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున శాలలన్నియు మూతపడినవి. పిల్లల యాటగ వచ్చి పెద్దల వ్యాపారముగ మారుట కింతమాత్రమే కాలము పట్టినదని శ్రోతలు గుర్తుంచుకొన వేడెదను. ఈ విషయము చివర మరల అవసరమగును.

యుద్ధానంతరము ఓడిన దేశమున కొరత లేని వస్తువు లేదు. సిగరెట్లు, చక్కెర, సబ్బు అన్నియు అపురూపములే. అట్టి దినములలో కొన్ని నాణెములతో గుండ్లు కొని, అదృష్టము కలిసివచ్చినచో సిగరెట్టు పెట్టెతో ఇల్లు చేరవచ్చునన్న ఆశ జనులను శాలలవైపు లాగెను. 1948లో జపాను ప్రభుత్వము వినోదశాలల నియంత్రణకై చట్టము చేయగా పచింకోయు ఆ చట్టము క్రిందికి వచ్చెను. ఆ కాలముననే నగోయాలో మసమురా తకెయిచి అను నాతడు మేకుల అమరికను మార్చెను. అంతకు ముందు మేకులు వరుసలు తీరి నిలిచియుండెడివి. మసమురా వానిని గుంపులుగ విడదీసి, నడుమ ఖాళీలు వదలి, గాలిమరలు చేర్చెను. గుండు ఒకచోట తటపటాయించి, ఒకచోట జారి, ఒకచోట వెనుకకు మరలి, చూచువాని ఊపిరి బిగపట్టించుచు దిగసాగెను. నేటి పచింకో పలకలన్నియు ఆ అమరికకు సంతతివే.

ఆనాటి యంత్రముల వెనుక మనుష్యులు పనిచేసెడివారు. రెండు వరుసల యంత్రములను వెన్నుకు వెన్ను చేర్చి నిలిపి, నడుమ సన్నని సందు వదలిరి. ఆ సందులో ఉద్యోగినులు నిలిచి, ఏ యంత్రపు తొట్టిలో గుండ్లు తరిగినవో చూచి నింపుచుండిరి. ముందు నవ్వులు, దీపములు, సంగీతము. వెనుక ఉక్కపోత, నూనెవాసన, పరుగు. క్రమముగ ఆ పనిని గుండ్లను మోయు కాలువలును ఎత్తుడు యంత్రములును చేపట్టినవి. ఓడిన గుండు కాలువలో జారి, శుభ్రపడి, పైకెక్కి, మరియొక యంత్రపు తొట్టిలో దిగెడి ఏర్పాటు వచ్చినది. జపానువారు అట్టి జంటవరుసకు ‘షిమా’, అనగా ద్వీపమని పేరిడిరి. ఒంటరి యంత్రము సంపూర్ణము కాదనియు, దాని ప్రాణములో సగము ఈ ద్వీపమున కలదనియు గ్రహించినవారికే తరువాతి కథ బోధపడును.

వ్యాపారము పెరుగగా వేగమును పెరిగెను. 1952లో గుండ్లను వెంటవెంట విసరు యంత్రములు వచ్చినవి. ఒక్క నిమిషములో నూరుకు పైగా గుండ్లు ఎగురుచుండ, కూలివాని దినవేతనము కన్నుమూసి తెరచునంతలో బిలములో పడసాగెను. పత్రికలు ఘోషించినవి, కుటుంబములు మొఱపెట్టినవి. 1954లో టోకియో అధికారులు ఆ జాతి యంత్రములను నిషేధించిరి. ఇతర ప్రాంతములును ఆ మార్గమునే అనుసరించినవి. 40,000కు మించియుండిన శాలలు కొలది సంవత్సరములలో 10,000 లోపునకు దిగినవి. ఇది చిన్న నిదర్శనము కాదు. పలక అదే, మేకులు అవే, గుండు అదే. వేగమొక్కటి మార్చినంతనే ఆట విపత్తయినది. వేగము తగ్గించినంతనే వ్యాపారము కూలినది.

మిగిలిన నిర్మాతలు వేగమును వీడి సొగసును ఆశ్రయించిరి. 1960 ప్రాంతమున ‘తులిపు’ పుట్టినది. తులిపు పూవు రూపమున రెండు ప్లాస్టిక్కు రేకులు ముడుచుకొనియుండును. గుండు లోన పడినచో రేకులు విచ్చుకొనును. మరుసటి గుండునకు దారి సుగమమగును. అది పడగానే మరల ముడుచుకొనును. విద్యుత్తు లేదు, మోటారు లేదు. గుండు బరువే తాళముచెవి, గుండు బరువే చేయి. 1960లలోను, 1970ల తొలిభాగమునను నిషిజిన్, సాంక్యో, హేవా మున్నగు సంస్థలు నిర్మించిన ఇట్టి యంత్రములే నేడు ఇండ్లలో బాగుచేయబడుచున్నవి.

ఇక పణము సంగతి. గుండ్లకు బదులుగ శాల నగదు ఈయరాదని చట్టము. అందుచేత గెలిచినవారికి వస్తువును బహుమానముగ ఇచ్చెదరు. ఆ వస్తువును దాపుననే యున్న వేరొక చిన్న కిటికీయొద్ద అమ్మి డబ్బు పుచ్చుకొందురు. ఆ కిటికీవారినుండి మూడవ వర్తకుడొకడు కొని మరల శాలకు చేర్చును. 1961లో ఒసాకాలో స్థిరపడిన ఈ ముక్కోణపు ఏర్పాటు దేశమంతట వ్యాపించెను. ఈ వ్యాపారమున నిలిచినవారిలో జపానులో స్థిరపడిన కొరియా కుటుంబములవారు పెక్కుమంది కలరు. ఇతర ఉద్యోగములలో తమకు తలుపులు మూయబడియుండుటచే వారు ఈ తలుపు తట్టవలసివచ్చినది. కనుక ఈ చరిత్రలో ఒకరి జీవనోపాధియు ఉన్నది, మరియొకరి జీవననాశమును ఉన్నది.

ధర్మరాజు కథ విన్న మనకు ఇందు వింత లేదు. పాచికలు పాపము చేయలేదు, పణము చేసినది. పాచికలతోనే మన ఇండ్ల అరుగులమీద వైకుంఠపాళి ఆడినారము. ఎవరును రాజ్యము పోగొట్టుకొనలేదు. యంత్రమునకును కిటికీకిని నడుమనున్న దారి తెగినచో పచింకో మరల ఆటవస్తువగును. ఆ దారిని తెంచినది నీతిబోధ కాదు, పాతబడుటయే.

శాలలు యంత్రములను వెంటవెంట మార్చుచుండును. నిన్నటి యంత్రము నేటి ఆటగానికి రుచింపదు. 1970ల తొలినాళ్ళలో బొటనవ్రేలి మీటకు బదులుగ విద్యుత్తుతో విసరు పిడి వచ్చినది. 1980లో సాంక్యో సంస్థ ‘ఫీవరు’ అను యంత్రమును దింపగా, తిరుగు అంకెలు సరిపోయినపుడు కుప్పలుగ గుండ్లు కురియు క్రొత్తయుగ మారంభమయ్యెను. స్ప్రింగు, బరువు, గంటలతో నడచు పాతతరము చెత్తయైనది. ఆ తొలగిన యంత్రములను 1970లలో వర్తకులు ఓడలకెత్తి అమెరికాకు పంపిరి. అచ్చట అవి జూదసాధనములుగ గాక, పిల్లలున్న ఇండ్లలో క్రిందిగదికి తగిన వేడుకవస్తువులుగ అమ్ముడుపోయినవి.

కాని ఓడనెక్కినది సగము యంత్రమే. ద్వీపము జపానులోనే నిలిచిపోయినది. ఎత్తుడు యంత్రము రాలేదు, కాలువ రాలేదు, దీపములకు కరెంటు నిచ్చు ట్రాన్స్‌ఫార్మరు రాలేదు. ఆ లేని సగమునకు మారుగ కొన్నవారును అమ్మినవారును ఏవేవో అమర్చిరి. వెనుకవైపు తొట్టిని చేతితో నింపుకొనవలసివచ్చెను. ఓడిన గుండ్లు నేలపాలు గాకుండ అడుగున పెట్టెయో పళ్ళెమో ఉంచిరి. నిలబడుటకు పలుచని చట్రము తగిలించిరి. దీపములకు బ్యాటరీలో, గుమ్మపు గంటకు వాడు చిన్న ట్రాన్స్‌ఫార్మరో కలిపిరి. ఒకరు తాళము ఊడదీసిరి. ఒకరు పిల్లలకు గెలుపు సులువగునట్లు మేకులను వంచిరి. ఏబది సంవత్సరముల తరువాత మన చేతికి వచ్చునది ఈ అతుకుల యంత్రమే.

దీనిని బాగుచేయు విధమును సంక్షేపముగ చెప్పెదను. రేడియో గల ఇండ్లవారికి ట్రాన్స్‌ఫార్మరు, స్ప్రింగు, తీగెచుట్ట అను మాటలు పరిచితములే గనుక కష్టముండదు.

మొదట చేయవలసినది ఏమియు చేయకుండుట. తెరచి, చూచి, ఏ తీగె ఎచటినుండి ఎచటికి పోవుచున్నదో చిత్రము వ్రాసికొనవలెను; ఫోటోలు తీసికొనవలెను. తరువాత గుండ్లన్నియు దింపి, దుమ్మును మెత్తని కుంచెతో దులుపవలెను. పలక చెక్కపొరలతో చేయబడి, పైన అచ్చుబొమ్మల పలుచని ప్లాస్టిక్కు పొర అతికింపబడినది. నీరు ఊరినచో చెక్క ఉబ్బును, పొర లేచును. కనుక తడి పిండిన గుడ్డ చాలును. స్పిరిటు మున్నగునవి తగులరాదు. తులిపు రేకులు కాలవశమున పెళుసై యుండును. వానిని బలవంతముగ త్రిప్పరాదు. మేకులను ఒక్కొక్కటిగ మెరుగుపెట్టవలెనే గాని, వంగినవని తొందరపడి సరిచేయరాదు. ఆ వంపు సంగతి ముందు చెప్పెదను.

రెండవది గుండ్లు. త్రుప్పుపట్టిన గుండు ఇసుకకాగితము వంటిది, పోయినచోటనెల్ల గీయును. త్రుప్పు వదలించి, పూర్తిగ ఆరబెట్టి, పొడిగుడ్డతో తుడిచి వాడవలెను. నూనె పూయరాదు. యంత్రమున ఏ భాగమునకును సామాన్యమైన నూనె మంచిది కాదు. నూనె దుమ్మును పట్టి జిగురగును. జిగురు పట్టిన కాలువలో గుండు నిలిచిపోవును. తప్పనిచోట పొడి గ్రాఫైటును కొలదిగ వాడుదురు.

మూడవది బహుమాన విభాగము. ఇది యంత్రమునకు హృదయము. గెలిచిన గుండు పలక వెనుకకు పోయి కాలువలో దిగి, తక్కెడ వంటి మీటపై పడును. ఆ 5.5 గ్రాముల బరువునకు మీట వాలి, లెక్కగ నిలిచియున్న గుండ్లను వదలును, గంట మ్రోగును, మీట మరల యథాస్థానమునకు వచ్చును. పరీక్షింపగోరువారు తొట్టి నింపి, గెలుపు రంధ్రములలో ఒక్కొక్క గుండును చేతితో విడిచి, దిగిన గుండ్లను లెక్కింపవలెను. లెక్క మాటిమాటికి తప్పుచున్నచో దోషము సాధారణముగ విరిగిన భాగముకంటె అడ్డుపడిన మురికివలననో, వంగిన తీగెవలననో, దారిలో చిక్కిన గుండువలననో అయియుండును. ఓపికగ వెదకినచో దొరకును.

నాల్గవది కరెంటు. ఈ తరము యంత్రమునకు ఆడుటకు విద్యుత్తే అక్కరలేదు. గెలుపును, తొట్టి ఖాళీయగుటను తెలుపు దీపములకు మాత్రమే అది వలయును. పాత యజమాని చుట్టిన తీగెలు చివికి, రాగి బయటపడి యుండవచ్చును. వానిని తీసివేసి, తక్కువ వోల్టేజి నిచ్చు సురక్షితమైన అడాప్టరును, దానికి సరిపడు బల్బులను అమర్చవలెను. గోడనుండి వచ్చు ఇంటి కరెంటును నేరుగ ఈ యంత్రమునకు ఎన్నడును కలుపరాదు. ఇనుప మీటను చేతపట్టి ఆడు ఆట ఇది.

ఐదవది నిలుపుట. యంత్రమును గట్టి చెక్కచట్రమున బిగించి, కొంచెము వెనుకకు వాలునట్లు నిలుపవలెను. ముందుకు వాలినచో గుండు అద్దమును తట్టును. మితిమీరి వెనుకకు వాలినచో మేకులమీద మందగించును. తాపీపనివారి తూకపుగుండు ఇచ్చట బాగుగ ఉపకరించును. అడుగున గుండ్లు పడు సొరుగు అమర్చినచో ఇంటివారే ద్వీపమగుదురు. పూర్వము సందులో నిలిచిన ఉద్యోగిని పనిని, ఇప్పుడు తొట్టి నింపు పిల్లవాడు చేయును.

ఇంతవరకు పనితనపు మాట. ఇక మొదట అడిగిన ప్రశ్నకు వత్తము. వంగిన మేకులను ఏమి చేయవలెను?

శాలలలో ‘కుగిషి’ అను నిపుణుడు, అనగా మేకులను సవరించు పనివాడు, ఉండెడివాడు. రాత్రి శాల మూసిన పిదప అతడు చిన్న సుత్తిని, కొలతగుండును చేతబూని ఒక్కొక్క యంత్రము తెరచి, గెలుపు రంధ్రము పైనున్న మేకులను వెండ్రుకవాసి విడదీయుటయో దగ్గరచేయుటయో చేసెడివాడు. మరునాడు ఏ యంత్రము ఉదారమై యుండునో, ఏది లోభియై యుండునో అతని సుత్తి నిర్ణయించెడిది. అందుచేత యంత్రము కర్మాగారమునుండి వచ్చిన స్థితిలో శాలయందు చిరకాలముండలేదు. ‘అసలు స్థితి’ అని మనము వెదకునది శాల తెరచిన కొలది దినములలోనే చెదరియుండును. దానిపై కుగిషి సుత్తి పడెను. ఆపై అమెరికా తండ్రి పటకారు పడెను. మొదటిది శాల లాభమునకు, రెండవది బిడ్డ నవ్వునకు. రెండును చరిత్రయే.

ఈ మాట నాకు నా ఇంటి అనుభవమువలన తెలిసినది. మా తండ్రిగారి వాల్వు రేడియో యొకటి చాలకాలము మూగవోయి యుండగా ఒక మరమ్మతుదారుని కిచ్చితిని. ఆయన పనిమంతుడే. రేడియో పలికినది, పెట్టె క్రొత్త పాలిషుతో మెరసినది. కాని విజయవాడ కేంద్రము తగులుచోట మా తండ్రిగారు అద్దముపై పెట్టియుండిన ఎఱ్ఱని గోళ్ళరంగు చుక్క లేదు. మురికియని గీకివేసితిమని ఆయన సంతోషముగ చెప్పెను. సాయంకాలమున కళ్ళజోడు లేకుండగనే వార్తలు పట్టుకొనుటకై నాయన పెట్టుకొన్న చుక్క అది. తప్పు ఆయనది కాదు. ముందుగ చెప్పని నాది. నాటినుండి ‘క్రొత్తదానివలె చేసితిమి’ అను మాట విన్నపుడెల్ల ఏమి పోయినదో అని చూచుట నాకు అలవాటయినది.

కావున నాకు తోచిన ధర్మమిది. ప్రాణమునకు హాని చేయు మార్పును తీసివేయవలెను. చివికిన తీగె అట్టిది. ఆటను ఆపు దోషమును సవరింపవలెను. త్రుప్పు, మురికి అట్టివి. మిగిలిన గుర్తులను ఉండనీయవలెను. మనము చేర్చునది ఏదైనను మరల ఊడదీయుటకు వీలుగ చేర్చవలెను. తీసినదానిని పారవేయక, చిన్న సంచిలో పెట్టి, తేదీ వ్రాసి, యంత్రము వెనుకనే కట్టియుంచవలెను. రేపటివాడు మనకంటె తెలివైనవాడు కావచ్చును. అతనికి దారి మూయరాదు.

జపానులోను పాత యంత్రములను ఇంటికి కొనుక్కొనువారు కలరు. తరువాతి విద్యుత్ యంత్రములకు 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరును, శబ్దము తగ్గించు మీటను చేర్చి, ఓడిన గుండును గెలిచిన గుండును లోపలనే మరల మరల తిరుగునట్లు మార్చి అమ్ముదురు. శాల గోలకై నిర్మింపబడినది పక్కగదిలో నిద్రించు బిడ్డను లేపకుండ ఆడవలెను గదా! ఇదియు ఒక చిన్న ద్వీపనిర్మాణమే.

శాలల ప్రపంచము మాత్రము క్షీణించుచున్నది. 1995లో 18,000కు పైగానుండిన పచింకో శాలలు 2023 నాటికి సుమారు 7,000కు దిగినవి. ఈ నడుమ జరిగిన దుఃఖములును తక్కువ కావు. తలిదండ్రులు శాలలో మైమరచియుండ, వేసవి ఎండలో మూసిన కార్లలో పసిబిడ్డలు మరణించిన ఘోరములు ఆ దేశమును కదల్చినవి. 2018లో జూదవ్యసన నివారణకై జపాను చట్టసభ ప్రత్యేక శాసనము చేసెను. ఇంట బాగుచేసి పెట్టుకొన్న యంత్రముముందు కూర్చున్నవాడు ఈ సంగతి మరువరాదు. అతడు వినుచున్న ‘పచి పచి’ ధ్వనియే మరియొకచోట మరియొకరి ఇల్లు కూల్చినది.

అయినను నాకు నిరాశ లేదు. ఈ యంత్రము మిఠాయి కొరకు ఆడు పిల్లల చేతిలో జపానున జీవితమారంభించినది. పెద్దలు దానికి వెల కట్టిరి, వేగము కట్టిరి, కిటికీ కట్టిరి. అవన్నియు ఊడిపోయిన పిదప, ఏ ఇంటి గోడకో ఆనుకొని, మరల పిల్లల చేతికి వచ్చినది. అచ్చట గెలిచిన 15 గుండ్లతో సిగరెట్టు రాదు, నాణెము రాదు. గంట మ్రోగును, తులిపు విచ్చును, అంతే. మొదట అడిగిన ప్రశ్నకు చరిత్ర ఇచ్చు జవాబు ఇదియే యని నా తలంపు. దానిని శాలకు మరలించుట కాదు బాగుచేయుట. శాలకు ముందున్న బాల్యమునకు, నడిమి గాయముల గుర్తులు చెరపకయే, చేర్చుట.